అరటిపళ్ళు, గోధుమరొట్టె, ఒక కరువు

మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ఈమధ్య ఒకటే ప్రశ్న. "ఇంకెన్నాళ్ళురా ఈ పథ్యం?"

నా దగ్గర సమాధానం లేదు. రెండేళ్ళుగా కడుపు ఉబ్బరం, ఎప్పుడు పడితే అప్పుడు పరుగెత్తాల్సి రావడం (మీటింగు మధ్యలో లేచి వెళ్ళిన సందర్భాలు ఎన్నని చెప్పను!). ఇక భరించలేక ఏడు నెలల క్రితం ఒకాయన దగ్గరికి వెళ్తే, పరీక్షలేవీ రాయకుండా ఒక కాగితం చేతిలో పెట్టాడు. గోధుమలు వద్దు, పాలు వద్దు, పప్పులు వద్దు, ఉల్లీ వెల్లుల్లీ వద్దు, వంకాయా టమాటా వద్దు. చివరికి మిగిలినవి అన్నం, బీరకాయ, పొట్లకాయ, క్యారట్, కోడిగుడ్డు, చికెను. మూడు వారాల్లో తగ్గిపోయింది. నిజంగానే తగ్గిపోయింది. అక్కడితో నా కష్టాలు తీరాలి కదా? అక్కడే మొదలయ్యాయి. ఎందుకంటే ఆ కాగితానికి రెండో పేజీ లేదు. ఆపినవాటిని ఎప్పుడు, ఏ వరసలో, ఎంతెంత మళ్ళీ మొదలుపెట్టాలో అందులో లేదు.

మన భాషలో చెప్పాలంటే, ప్రోగ్రాం క్రాష్ అవుతోందని ముప్ఫై లైన్లు ఒకేసారి కామెంట్ చేసేశాను. క్రాష్ ఆగింది. తప్పు ఏ లైనులో ఉందో మాత్రం తెలీదు. ఒక్కొక్కటే తెరిచి చూడాలి. కాకపోతే ఇక్కడ ప్రొడక్షన్ సర్వరు నా కడుపు. దీనికి టెస్ట్ సర్వరు లేదు :)

ఆ భయంతోనే చదవడం మొదలుపెట్టా. "ఆపేసిన తిండిని మళ్ళీ మొదలుపెట్టడం" అనే ఈ చిన్న పనికి ఇంత పెద్ద చరిత్ర ఉందని అప్పటిదాకా నాకు తెలీదు. అందులో ఒక కరువు ఉంది, బోలెడు అరటిపళ్ళున్నాయి, మంచి డాక్టర్లు చేసిన పెద్ద పొరపాట్లూ ఉన్నాయి.

ముందు మన ఇంటి సంగతి. పథ్యం అన్న మాట పథం అన్న మాటకి చుట్టం. దారికి సరిపడేది, దారి తప్పించనిది. మనం మాత్రం పథ్యం అంటే "తినకూడనివి" అనే అర్థంలోనే వాడేస్తాం. పాత వైద్యంలో అసలు కిటుకు తినకపోవడంలో లేదు, మళ్ళీ తినడంలో ఉంది. చరకసంహిత సిద్ధిస్థానం మొదటి అధ్యాయంలో సంసర్జన క్రమం అని ఒకటుంది. వమనం, విరేచనం లాంటి వాటితో శుద్ధి చేశాక రోగికి తిండి ఎలా పెట్టాలో చెప్పే వరస అది. మొదట పేయ, అంటే గంజిలాంటి పల్చటి జావ. తర్వాత విలేపి, అంటే చిక్కటి జావ. తర్వాత ఉప్పూ నెయ్యీ పడని పప్పుకట్టు. ఆ తర్వాత అవి వేసిన కట్టు. చివర్లో మాంసరసం. శుద్ధి ఎంత బాగా జరిగిందన్నదాన్ని బట్టి ఒక్కో మెట్టు మీద మూడు పూటలో, రెండు పూటలో, ఒక పూటో ఉండాలి. ఎందుకలాగంటే, నిప్పురవ్వకి ముందు గడ్డీ, పిడకల పొడీ వేసి రాజేస్తేనే పెద్ద మంట అవుతుంది, ఒకేసారి దుంగ పెడితే ఆరిపోతుంది అని పోలిక చెప్పాడు. మా ఇంట్లో జ్వరం తగ్గాక గంజి, తర్వాత చారన్నం, తర్వాత బీరకాయ కూర, వారం పోయాక గానీ గోంగూర మొహం చూపించకపోవడం... అంతా ఆ వరసే.

అయితే ఇక్కడ ఒక తేడా గమనించాలి. చరకుడి వరస ఉద్దేశం జీర్ణశక్తిని నిలబెట్టడం. ఏ తిండి శత్రువో కనిపెట్టడం కాదు. "ఈయనకి పడనిది ఏది?" అనే ప్రశ్న వేరు. దాన్ని ప్రయోగంగా మార్చి జవాబు రాబట్టడానికి ఇంకా చాలాకాలం పట్టింది. ఆ కథ ఎక్కువ భాగం ఒకే జబ్బు చుట్టూ నడిచింది. దాని పేరు సీలియాక్. గ్రీకులో కోయిలియా అంటే పొట్ట.

1887 అక్టోబరు 5న లండన్లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిలో సామ్యూల్ జీ అనే డాక్టరు ఈ జబ్బు మీద ఉపన్యాసం ఇచ్చాడు. మరుసటి ఏడు అది అచ్చయింది. ఒకటి నుంచి అయిదేళ్ళ లోపు పిల్లలు, పొట్ట ఉబ్బిపోయి, కాళ్ళూ చేతులూ పుల్లల్లా అయిపోయి, తెల్లగా నురగగా విరేచనాలయి, ఎదుగుదల ఆగిపోయి, చాలామంది చచ్చిపోయేవారు. దీనికి నయమయ్యే దారంటూ ఉంటే అది తిండి ద్వారానే అని ఆయన తేల్చేశాడు. ఏ తిండి అన్నది మాత్రం ఆయనకి దొరకలేదు. అన్నం, సగ్గుబియ్యం కూడా వద్దన్నాడు. రొట్టెని మాత్రం పల్చగా కోసి రెండు వైపులా బాగా కాల్చి ఇవ్వొచ్చన్నాడు. అంటే తినదగ్గ బియ్యాన్ని ఆపి, విషమైన గోధుమని ఉంచాడు!

ఆ వ్యాసంలోనే ఒక పిల్లవాడి ముచ్చట ఉంది. వాడికి సీజన్లో రోజుకి ఒక లీటరు పైచిలుకు మసెల్స్ (ఆల్చిప్పల్లాంటివి) పెట్టారట. వాడు బ్రహ్మాండంగా కోలుకున్నాడు. సీజన్ అయిపోయింది, మళ్ళీ పడిపోయాడు. మరుసటి ఏడు సీజన్ వచ్చేసరికి వాడు వాటిని ముట్టనన్నాడు. నవ్వొచ్చే కథే గానీ, నిజానికి ఇది పెట్టి చూడడం, తీసి చూడడం. జీ సరైన ప్రశ్నకి చాలా దగ్గరగా వచ్చాడు. కాకపోతే, మసెల్స్‌లో ఏదో మహత్తు ఉందా, లేక మసెల్స్‌తో కడుపు నిండి ఇంకేదో తినడం మానేశాడా అన్న రెండో ప్రశ్న అడగలేదు. ఈ రెండో ప్రశ్నని గుర్తుపెట్టుకోండి. దీన్ని అడగకపోవడం వల్ల తర్వాతి అరవై ఏళ్ళు పోయాయి.

ఇక అరటిపళ్ళ దగ్గరికొస్తా. 1924లో న్యూయార్క్ పిల్లల డాక్టరు సిడ్నీ హాస్ ఒక పేపరు ప్రచురించాడు. సీలియాక్ పిల్లలకి బాగా మగ్గిన అరటిపళ్ళు, పాలు విరగ్గొట్టి చేసిన జున్ను, మాంసం, కూరగాయలు. బ్రెడ్, బిస్కట్లు, బంగాళాదుంపలు, ధాన్యాలు ఏవీ కూడదు. ఫలితం? చావుకి దగ్గరపడిన పిల్లలు కోలుకున్నారు. ఫొటోల్లో అంతకుముందు ఎముకల గూడు, ఆ తర్వాత బుగ్గలొచ్చిన పిల్లాడు. నమ్మకుండా ఎలా ఉంటారు? తర్వాతి పాతికేళ్ళు అమెరికాలో అరటిపండు పథ్యమే సీలియాక్‌కి మందు.

హాస్ మోసగాడు కాడు. పిల్లల్ని నిజంగా బతికించాడు. అతని సిద్ధాంతం ఏమిటంటే, ఈ పిల్లలు పిండిపదార్థాన్ని అరిగించుకోలేరు, పండు మగ్గితే పిండి చక్కెరగా మారుతుంది కాబట్టి అరటిపండు పడుతుంది అని. అసలు సంగతేమిటంటే అరటిపండు ఏమీ చెయ్యలేదు. అరటిపండు పేరు చెప్పి బ్రెడ్డు ఆపడం వల్ల పిల్లలు బతికారు. టెస్టు పాసయింది, కారణం వేరు. ఇలాంటి ఫిక్సులు మనం ఎన్ని చూడలేదు! సర్వీసు రీస్టార్ట్ చేస్తే పోతుంది, కాబట్టి రీస్టార్టే పరిష్కారం అని రన్‌బుక్‌లో రాసుకుంటాం.

అతని అసలు పొరపాటు బయటపడింది తిండిని మళ్ళీ మొదలుపెట్టే దగ్గరే. కొంతకాలం కఠినంగా పథ్యం చేసి, లక్షణాలు పోయాక, నెమ్మదిగా అన్నీ తినొచ్చు, జబ్బు శాశ్వతంగా నయమైపోయింది అని హాస్ చెప్పేవాడు. తల్లిదండ్రులు సంతోషంగా బ్రెడ్డు మొదలుపెట్టేవారు. ఇక్కడ ఈ జబ్బు చేసే మాయ ఒకటుంది. సీలియాక్ ఉన్న పిల్లల్లో చాలామందికి టీనేజీ వయసులో లక్షణాలు తమంతట తామే తగ్గుముఖం పడతాయి. గోధుమ తింటున్నా పైకి ఏమీ కనబడదు. లోపల పేగుగోడ మాత్రం పాడవుతూనే ఉంటుంది. నలభయ్యో ఏట రక్తహీనతగానో, ఎముకలు గుల్లబారడంగానో బయటపడుతుంది. అప్పటికి చిన్నప్పటి అరటిపళ్ళు ఎవరికి గుర్తుంటాయి? హాస్ 1964లో చనిపోయేదాకా తన మాట మార్చుకోలేదు. 1952 నాటికే అసలు నేరస్థుడు దొరికాడు. అయినా, పథ్యం జీవితాంతం చెయ్యాలంటే అది నయం చెయ్యడం ఎలా అవుతుంది, నాది నయం చేస్తుంది అని వాదించాడు.

ఆ నేరస్థుణ్ణి పట్టుకున్నది విల్లెమ్ కారెల్ డికె. నెదర్లాండ్స్‌లో హేగ్ నగరం, జూలియానా పిల్లల ఆసుపత్రి. 1905లో పుట్టాడు, 1936లో, అంటే ముప్ఫై ఒకటో ఏటే ఆ ఆసుపత్రికి డైరెక్టరు అయ్యాడు. ఇంటర్నెట్‌లో తిరిగే కథ ప్రకారం రెండో ప్రపంచయుద్ధం చివర్లో కరువొచ్చింది, బ్రెడ్డు దొరకలేదు, పిల్లలు బాగయ్యారు, యురేకా! కథ బాగుంది గానీ పూర్తి నిజం కాదు. డికెకి గోధుమ మీద అనుమానం ముప్ఫైల్లోనే మొదలైంది. ఒక తల్లి తన బిడ్డకి బ్రెడ్డు మానిపిస్తే బాగుంటోందని చెప్పిన మాట దగ్గర మొదలైందంటారు. 1941లోనే, అంటే కరువుకి మూడేళ్ళ ముందే, బ్రెడ్డు లేని సాదా పథ్యం గురించి డచ్చి వైద్య పత్రికలో రాశాడు. (ఒక తల్లి చెప్పిన మాటని డాక్టరు పట్టించుకోవడం కూడా ఈ కథలో చిన్న విషయమేం కాదు. ఎందరో తల్లులు చెప్పే ఉంటారు.)

అప్పుడు వచ్చింది కరువు. 1944 సెప్టెంబరులో మిత్రపక్షాలకి సాయంగా డచ్చి రైల్వే కార్మికులు సమ్మె చేస్తే, జర్మన్లు ప్రతీకారంగా పశ్చిమ నగరాలకి తిండి రవాణా ఆపేశారు. తర్వాత ఆపడం ఎత్తేసినా చలికి కాలవలు గడ్డకట్టేశాయి. ఆమ్‌స్టర్‌డామ్, రాటర్‌డామ్, హేగ్‌లలో రేషను పెద్దవాళ్ళకి రోజుకి 1000 కేలరీల కిందకి, 1945 ఫిబ్రవరికల్లా దాదాపు 600కి పడిపోయింది. జనం తులిప్ దుంపలు, చక్కెరదుంపలు తిన్నారు. సుమారు 20,000 మంది చనిపోయారు. దీన్నే ఆకలి శీతాకాలం అంటారు. ఆ నెలల్లో ఆసుపత్రిలో మిగతా పిల్లలు చిక్కిపోతుంటే సీలియాక్ పిల్లలు కాస్త మెరుగ్గా ఉండడం డికె చూశాడు. 1945 వసంతంలో సహాయంగా తెల్ల బ్రెడ్డు, పిండి వచ్చాయి. ఆకలితో మాడిన ఊళ్ళకి అంతకన్నా విలువైన కానుక ఇంకేముంటుంది? అది తిన్న సీలియాక్ పిల్లలు మళ్ళీ జబ్బుపడ్డారు.

నన్ను బాగా ఆపేసిన చోటు ఇది. ఎవరూ ప్లాన్ చేయని ప్రయోగం. తీసెయ్యడం శత్రువు చేశాడు, మళ్ళీ పెట్టడం మిత్రులు చేశారు. రెండోదాంతోనే నిజం తేలింది. మొదటి సగం మాత్రమే అయితే ఎవరైనా ఏదైనా చెప్పొచ్చు: తక్కువ తినడం వల్ల అనొచ్చు, కొవ్వు లేకపోవడం వల్ల అనొచ్చు, తులిప్ దుంపల మహత్తు అనొచ్చు (మసెల్స్ లాగా).

కానీ డికె ఇది చాలనుకోలేదు. అతని గొప్పతనం ఇక్కడుంది. యుద్ధం తర్వాత పిల్లల్ని నెలల తరబడి ఆసుపత్రిలో పెట్టుకుని, గోధుమ లేని తిండితో కుదుటపడ్డాక, ఒక్కో ధాన్యాన్నీ ఒక్కొక్కటిగా మళ్ళీ ఇచ్చాడు. బరువు, ఎత్తు గ్రాఫులు గీశాడు. గోధుమ పెడితే గీత కిందకి, తీస్తే పైకి. రై కూడా అంతే. బియ్యం, మొక్కజొన్న, బంగాళాదుంప, విడదీసిన గోధుమ స్టార్చి పెడితే ఏమీ కాలేదు. హాస్ సిద్ధాంతం అక్కడే కూలిపోయింది. తప్పు పిండిపదార్థానిదే అయితే బియ్యం ఎలా పడుతుంది?

ఇదే 1950లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో అతని డాక్టరేట్ థీసిస్ అయింది. పిల్లల సంఖ్య చాలా తక్కువ, వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కానీ ఒక్కొక్కళ్ళ మీద పరిశీలన ఏళ్ళ తరబడి. ఒకే మనిషి మీద తీసి, పెట్టి, మళ్ళీ తీసి చూస్తే ఆ మనిషి తనకి తానే కంట్రోల్. వాన్ డె కామర్ అనే రసాయన శాస్త్రవేత్త మలంలో కొవ్వుని కచ్చితంగా కొలిచే పద్ధతి 1949లో ఇచ్చాడు. వైయర్స్ అనే మరో పిల్లల డాక్టరు కలిశాడు. ఈ కొలత వచ్చాక "పిల్లాడు కాస్త నీరసంగా ఉన్నాడు" అనే మాటకి బదులు ఒక అంకె వచ్చింది. పేగు పాడైతే తిన్న కొవ్వు ఒంటికి పట్టదు, బయటికి పోతుంది. గోధుమ పెట్టిన కొద్దిరోజులకి ఆ అంకె పెరుగుతుంది. అంతకుముందు డాక్టర్లు మలంలో కొవ్వు చూసి కొవ్వునే ముద్దాయిని చేశారు. పాపం కొవ్వు సాక్షి మాత్రమే.

కోలుకున్న పిల్లాడికి తెలిసి తెలిసి జబ్బు తెప్పించడం... చదువుతున్నప్పుడు నాకు ఇబ్బందిగానే అనిపించింది. ఇవాళ ఏ నైతిక కమిటీ అయినా వంద ప్రశ్నలు వేస్తుంది, వెయ్యాలి కూడా. కానీ అప్పటికి ఈ జబ్బుతో పిల్లలు చనిపోతున్నారు. ఆ నాలుగైదు పడకల మీద తేలిన విషయం తర్వాత లక్షల మందికి ప్రాణం పోసింది. రెండూ నిజాలే, ఒకటి ఇంకోదాన్ని కొట్టెయ్యదు.

1952లో ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ బృందం, షార్లెట్ ఆండర్సన్ వగైరా, ఇంకో అడుగు లోపలికి వెళ్ళారు. గోధుమలో ఏది? చపాతీ పిండి ముద్దని కుళాయి కింద పట్టుకుని పిసుకుతూ కడగండి. తెల్లటి నీళ్ళుగా స్టార్చి పోయి, చేతిలో సాగే రబ్బరులాంటి ముద్ద మిగులుతుంది. అదే గ్లూటెన్. వాళ్ళు స్టార్చిని విడిగా, గ్లూటెన్‌ని విడిగా పిల్లలకి పెట్టి చూశారు. స్టార్చికి ఏమీ కాలేదు. గ్లూటెన్ పెడితే జబ్బు తిరగబెట్టింది. మనం చేసే బైనరీ సెర్చ్ ఇదే. సగానికి విడగొట్టు, ఏ సగంలో తప్పుందో చూడు. అన్నట్టు డికె 1962లో, యాభై ఏడేళ్ళకే చనిపోయాడు. మన దగ్గర అతని పేరు విన్నవాళ్ళు నాకింతవరకు కనబడలేదు. "గ్లూటెన్ ఫ్రీ" అన్న అక్షరాలు మాత్రం ప్రతి సూపర్ మార్కెట్లోనూ ఉన్నాయి.

ఆ తర్వాత కథ తొందరగా నడుస్తుంది. 1954లో పాలీ అనే బ్రిటిష్ డాక్టరు ఆపరేషన్లో తీసిన పేగు ముక్కల్లో ఆంత్ర చూషకాలు అరిగిపోయి ఉండడం చూపించాడు. 1956, 57ల్లో మార్గో షైనర్ గొట్టం, క్రాస్బీ క్యాప్సూల్ వచ్చాయి. నోటి ద్వారా పంపి పేగులోంచి చిటికెడు ముక్క తేవచ్చు. దాంతో తిండిని మళ్ళీ పెట్టడం ఏకంగా రూలుగా మారింది. 1969లో యూరప్ పిల్లల జీర్ణకోశ వైద్యుల సంఘం స్విట్జర్లాండ్‌లోని ఇంటర్లాకెన్‌లో ఒక నియమం పెట్టుకుంది. సీలియాక్ అని ఖాయం చెయ్యాలంటే మూడు బయాప్సీలు. గోధుమ తింటున్నప్పుడు ఒకటి, మానేసి బాగయ్యాక ఒకటి, మళ్ళీ తినిపించాక ఇంకొకటి. బగ్ కనబడాలి, ఫిక్సుతో పోవాలి, ఫిక్సు తీసేస్తే మళ్ళీ రావాలి. ఇంతకన్నా గట్టి రుజువు ఏముంటుంది? ఇరవయ్యేళ్ళ తర్వాత, పెద్ద సంఖ్యలో రికార్డులు చూశాక, మూడో మెట్టు వల్ల నిర్ధారణ మారేది చాలా అరుదని తేలి, 1990లో దాన్ని అందరికీ తప్పనిసరి కాకుండా చేశారు. అవసరం లేని చోట జబ్బు తెప్పించడం ఎందుకని.

ఓట్స్ సంగతి కూడా చెప్పాలి. డికె కాలంలోనే ఓట్స్‌ని గోధుమతోపాటు చెడ్డ జాబితాలో వేశారు. తర్వాత నలభై అయిదేళ్ళు ఎవరూ కదిలించలేదు. 1995లో ఫిన్లాండ్ పరిశోధకులు సీలియాక్ ఉన్న పెద్దవాళ్ళకి ఓట్స్ పెట్టి, బయాప్సీ చేసి చూస్తే పేగులకి ఏమీ కాలేదు. పొలంలో, మిల్లులో గోధుమ కలవకపోతే ఓట్స్ చాలామందికి పడతాయి, కొద్దిమందికి పడవు అని ఇప్పుడు తెలుసు. ఒకసారి వద్దు అని రాసిన పేరుని ఎవరో ధైర్యం చేసి మళ్ళీ పరీక్షించేదాకా అది వద్దుగానే ఉండిపోతుంది. నా ఏడు నెలల వంకాయ గుర్తొచ్చింది.

హాస్ పథ్యం అతనితో పోలేదు. 1950ల చివర్లో ఎలేన్ గాట్‌షాల్ అనే ఆవిడ, పెద్దపేగు పుండ్లతో ఆపరేషన్ దాకా వెళ్ళిన తన చిన్న కూతుర్ని హాస్ దగ్గరికి తీసుకెళ్ళింది. పాప కోలుకుంది. ఆవిడ ఆ ఊపులో పెద్ద వయసులో కాలేజీలో చేరి జీవశాస్త్రం చదివి, 1987లో పుస్తకం రాసింది. తర్వాత అదే "బ్రేకింగ్ ది విషస్ సైకిల్" పేరుతో ప్రసిద్ధమైంది. ధాన్యాలు లేవు, చక్కెర లేదు, బంగాళాదుంప లేదు. చివరి లక్షణం పోయాక కూడా కనీసం ఏడాది అలాగే ఉండమంటుంది. ఆ తల్లి తపనని నేను వేలెత్తి చూపను. కానీ క్రోన్స్ జబ్బు ఉన్న 190 మందికి పైగా పెద్దవాళ్ళని రెండు గుంపులు చేసి, ఒకరికి ఈ పథ్యం, ఇంకొకరికి పప్పులూ, ధాన్యాలూ, పళ్ళూ అన్నీ ఉన్న మధ్యధరా తరహా తిండి ఇచ్చిన అమెరికా పరిశోధన 2021లో వచ్చింది. ఆరు వారాలకి ఉపశమనం దొరికినవాళ్ళు అందులో దాదాపు 46 శాతం, ఇందులో దాదాపు 43 శాతం. అంత కట్టడి చేసినందుకు చెప్పుకోదగ్గ లాభం కనబడలేదు.

ఇంకో చిక్కు ఉంది. మనసు. గోధుమ పడదు అని గట్టిగా నమ్మినవాడికి గోధుమ పెడితే, పెట్టామన్న సంగతి తెలిస్తే చాలు, కడుపు ఉబ్బుతుంది. అది నటన కాదు, నిజంగానే ఉబ్బుతుంది. 1976లో అమెరికాలో చార్లెస్ మే అనే డాక్టరు దీనికి విరుగుడుగా తిండి ఎలర్జీ ఉందన్న ఆస్తమా పిల్లలకి ఏది ఇస్తున్నారో ఇచ్చేవాడికీ తినేవాడికీ తెలీకుండా పరీక్షించాడు. ఆ పద్ధతి ఇప్పటికీ ఎలర్జీ వైద్యంలో గీటురాయి. మెల్‌బోర్న్‌లో మొనాష్ విశ్వవిద్యాలయం బృందం ఇంకా నిజాయితీగా ప్రవర్తించింది. సీలియాక్ లేనివాళ్ళకి కూడా గ్లూటెన్ బాధ పెడుతుందని 2011లో వాళ్ళే రాశారు. 2013లో వాళ్ళే, ఈసారి ముందుగా పులిసి గ్యాసు పుట్టించే పిండి చక్కెరలు (వీటినే ఫాడ్‌మ్యాప్స్ అంటారు) తీసేసి, మళ్ళీ పరీక్షించి, గ్లూటెన్‌కి ప్రత్యేకమైన ప్రభావం కనబడలేదు అన్నారు. సొంత పేపరుకి సొంత బగ్ రిపోర్టు! 2018లో నార్వేలో 59 మందికి పైకి ఒకేలా ఉండే మూడు రకాల బార్లు, ఒక్కోటి వారం చొప్పున ఇచ్చారు. ఒకదాంట్లో గ్లూటెన్, ఒకదాంట్లో ఫ్రక్టాన్, ఇంకోదాంట్లో ఏమీ లేదు. వీళ్ళంతా గ్లూటెన్ మాకు పడదు అని మానేసినవాళ్ళే. ఎక్కువ బాధ పెట్టింది ఫ్రక్టాన్. గ్లూటెన్‌కీ ఉత్త బార్‌కీ తేడా లేదు. ఫ్రక్టాన్ గోధుమలో ఉంటుంది, ఉల్లిలో ఉంటుంది, వెల్లుల్లిలో ఉంటుంది. నా కాగితంలో మూడూ ఉన్నాయి మరి.

ఇదంతా మనకెందుకు, మనం అన్నం తినేవాళ్ళం కదా అనుకోవచ్చు. 2016లో అచ్చయిన ఒక అధ్యయనంలో మన దేశంలో 23,000 మందికి పైగా ఆరోగ్యంగా ఉన్నవాళ్ళని పరీక్షిస్తే, సీలియాక్ ఉత్తరాన 1.23 శాతం, దక్షిణాన 0.10 శాతం. దీనికి వీలు కల్పించే జన్యువులు మాత్రం రెండు చోట్లా ఇంచుమించు ఒకే స్థాయిలో ఉన్నాయి. తేడా ఉన్నది కంచంలో. రోజుకి సగటున గోధుమ ఉత్తరాన 455 గ్రాములు, దక్షిణాన 25 గ్రాములు. రాత్రిపూట అన్నం మానేసి చపాతీలకి మారిన మన తరం, అందులోనూ మన ఆఫీసు జనాభా, ఆ లెక్కని ఎటు తీసుకెళ్తుందో చూడాలి. నేను హాస్టల్లో చేరాకే చపాతీ మొదలుపెట్టాను.

ఇదంతా చదివాక వేరే డాక్టరు దగ్గరికి, ఈసారి జీర్ణకోశ నిపుణురాలి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ మొదటి ప్రశ్న: "మానెయ్యకముందు సీలియాక్ రక్తపరీక్ష చేయించారా?" లేదన్నా. ఆవిడ పెన్ను కింద పెట్టేశారు. ఆ పరీక్ష చూసేది గ్లూటెన్‌కి ఒళ్ళు తిరగబడి తయారుచేసే యాంటీబాడీలని. ఏడు నెలలుగా గోధుమ ముట్టని నాలో అవి తగ్గిపోయి ఉంటాయి. ఇప్పుడు నెగెటివ్ వస్తే దానికి అర్థం లేదు. అంటే ఆ కాగితం నన్ను బాగుచెయ్యడమే కాదు, సాక్ష్యం కూడా తుడిచేసింది. ఒకవేళ సీలియాక్ అయితే గోధుమ జీవితాంతం బంద్, ఒక్క బిస్కట్టు కూడా కూడదు. కాకపోతే ఏడు నెలలు ఊరికే మాడాను. ఈ రెండింటి మధ్య తేడా చిన్నది కాదు. తెలుసుకోవాలంటే దారి ఒకటే: రోజుకి ఒకటి కంటే ఎక్కువ పూటల్లో, కనీసం ఆరు వారాలు, గోధుమ మళ్ళీ తిని అప్పుడు రక్తం ఇవ్వాలి. మరీ భరించలేకపోతే ముందే ఫోన్ చెయ్యమన్నారు. మిగతావన్నీ, పాలూ పప్పూ ఉల్లీ, ఇప్పుడు కదపొద్దు, ఒకేసారి రెండు మారిస్తే ఏది ఏం చేసిందో తెలీదు అన్నారు. డికె పేరు ఆవిడకి తెలుసు. నాకు ఆనందమేసింది.

ఇవాళ పంతొమ్మిదో రోజు. పొద్దున రెండు బ్రెడ్డు ముక్కలు, రాత్రి రెండు చపాతీలు. ఒక ఎక్సెల్ షీట్ పెట్టుకున్నా. మొదటి మూడు రోజులు కడుపు బిగుసుకుపోయింది, అది గోధుమో భయమో చెప్పలేను. నాలుగో రోజు నుంచి ఒక మోస్తరు. పన్నెండో రోజు పరుగెత్తా. ఆ తర్వాత మళ్ళీ లేదు. ఇంకా ఇరవై మూడు రోజులున్నాయి.

అమ్మకి ఇదంతా ఫోన్లో అరగంట చెప్పాను. కరువు దగ్గర "అయ్యో" అంది. అరటిపళ్ళ దగ్గర "మంచిదే కదా మరి" అంది. అంతా విని, "సరే గానీ, వంకాయ ఎప్పుడు మొదలుపెడతావు? పెరట్లో కాస్తోంది" అంది.

గోధుమ తర్వాత పాలు. పాల తర్వాత పప్పు. వంకాయ వంతు వచ్చేసరికి సంక్రాంతి అవుతుందని చెప్పాను.